ప్రార్థనలో నిద్రించిన జకర్యా మాస్టారు

మా సికింద్రాబాద్ పత్రికలో మేబెల్ మేడమ్‌కి ఎదురు చెప్పినవాళ్లు లేరు. చెప్పబోయి ఊరుకున్నవాళ్లు మాత్రం చాలామందిమి ఉన్నాం. ఏళ్లుగా డెస్కులో ఉన్న ఆవిడకి, విలేకరులకు ఏఐని నీతిగా వాడటం నేర్పే పని అప్పగించారు. అసలే చర్చిలో పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి, ఇక ఆగుతుందా? "అది రాసింది మనిషి చదవాలె. అనుమానమొస్తే మనిషినడగాలె," అని పది ఆజ్ఞలకు పదకొండోది చేర్చినట్టు చెప్పేది. ఎవరైనా ఆవులిస్తే మళ్లీ మొదటినుంచి షురూ చేసేది.

ఒకరోజు సైనిక్‌పురి నుంచి గ్రేసీ ఆంటీ తన భర్త గురించి వార్త పంపింది. "జకర్యా మాస్టారు ఆదివారం ప్రార్థనలో ప్రభువునందు నిద్రించారు. శనివారం జ్ఞాపకార్థ కూటానికి ఆయన శిష్యులంతా రావాలి." మాస్టారు అల్వాల్‌లో సగం ఊరికి లెక్కలు చెప్పినవాడు. ఏఐ దాన్ని ఒక్క లైనుకి కత్తిరించి, "ప్రార్థనలో నిద్రించిన జకర్యా మాస్టారు, శనివారం శిష్యుల కూటం" అని తేల్చింది.

అల్వాల్ వార్తలు చూసే రాజేందర్‌కి అనుమానం వచ్చింది. "మేడమ్, సారు ప్రార్థనల నిద్రపోతే అది సుత వార్తేనా?" అని అడిగాడు.

మేబెల్ మేడమ్ చదివింది. పుట్టినప్పటి నుంచి చర్చిలో వింటున్న మాట. నిద్రించడమంటే ఆవిడకి చనిపోవడమే, ఇంకో అర్థం తట్టనే లేదు. "నీకు తెల్వదులే, పోనియ్," అంది.

తెల్లారేసరికి అల్వాల్ అంతా నవ్వులే. మాస్టారి పాత శిష్యుడు భద్రయ్య ఛాయ్ దుకాణంలో పేపరు చదివి వినిపించి, "మేం కునుకు తీస్తే బెంచీ ఎక్కించిండు. ఇప్పుడు సారునే ఎక్కించాలె," అన్నాడట. మాస్టారు పోయాడని ఒక్కరికీ తెలియలేదు.

మర్నాడు గ్రేసీ ఆంటీ ఫోన్ చేసింది. "ఆయన చదువు చెప్పిన పిల్లలు ఒక్కరు సుత ఇంటికొచ్చి పలకరించలేదమ్మా. శనివారం ఖాళీ కుర్చీలేనా?" అంది. మేబెల్ మేడమ్ ముఖం చూస్తే నాకే జాలేసింది.

ఎడిటర్ గారు "సాంకేతిక లోపం వల్ల" అంటూ సవరణ మొదలుపెట్టారు. ఆవిడ ఆ మాట కొట్టేసింది. "మెషీన్ మీదికి నెట్టుడేంది సార్? రాజేందర్ అడిగిండు. నేనే ఇనలే."

శుక్రవారం పేపర్లో పెద్దక్షరాలతో వచ్చింది. "జకర్యా మాస్టారు చనిపోయారు. మొన్నటి వార్త చదివి కూడా తప్పు పట్టుకోనిది నేను. – మేబెల్."

శనివారం కుర్చీలు చాల్లేదు. భద్రయ్య వెనక నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు. క్షమించమని అడగబోయిన మేబెల్ మేడమ్ చెయ్యి గ్రేసీ ఆంటీ పట్టుకుంది.

"మీ పేపర్ల వచ్చింది అబద్ధమేం కాదమ్మా. ఆయన ప్రతి ఆదివారం ప్రార్థనల నిద్రపోతుండె. నేను మోచేత్తో పొడిచి లేపుతుంటి," అంది. "ఆ రోజు సుత పొడిచిన. లేవలే."