ఆమేన్ లేని ప్రార్థన

టేప్ రికార్డరులోంచి వస్తున్న గొంతు విని మా ఆరేళ్లవాడు పకపకా నవ్వినప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. అందులో ఎవరో పిల్లవాడు తన పేరు చెప్పలేక తడబడుతున్నాడు. మావాడికీ నత్తి ఉంది. అయినా ఆ గొంతు తనదేనని వాడు పోల్చుకోలేదు.

"ఎవుర్రా ఆ నత్తోడు?" అని మా ఆయనకు అన్న అయిన బావగారు అడిగారు. వాడు నవ్వుతూనే తెలియదని తల ఊపాడు.

"నువ్వే కదరా."

వచ్చిన చుట్టాలు నవ్వారు, వాడి అక్క కూడా నవ్వింది. వాడు ఆనాటి నుంచి మాట్లాడడం మానేశాడు. దాహమైతే చెంబు చూపించేవాడు.

కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను మా ఇంట్లో అంతకుముందే ఉండేది. అది ఎవరో పాడింది వినిపించేదే గాని మన మాట పట్టేది కాదు. గూడూరులో అభ్రకం వ్యాపారం చేసే బావగారు మద్రాసు నుంచి తెచ్చిన ఈ పెట్టె పట్టేసేది. ఉన్నది ఒకటే స్పూలు టేపు. అందులో మొదట మామగారు చనిపోకముందు చేసిన ప్రార్థన, ఆ వెంటనే మావాడి నత్తి. అత్తగారు రోజూ సాయంత్రం ప్రార్థన వినేది. అది ముగిశాక కూడా బావగారు పెట్టె ఆపేవారు కాదు. వాడి మాటలు చెరిపేయమని రెండుసార్లు అడిగాను. నలుగురూ నవ్వితే సిగ్గుపడి వాడే సరిగా మాట్లాడతాడన్నారు.

ఆదివారం అందరూ చర్చికి వెళ్తే తలనొప్పని ఇంట్లో ఉండిపోయాను. మైకు తగిలించకుండా రికార్డు మీట నొక్కితే పాత మాట పోతుందని బావగారే చెప్పగా విన్నాను. ప్రార్థన చివరిదాకా విని నొక్కాలనుకున్నాను. చేయి తొందరపడింది.

ఆ సాయంత్రం మామగారి గొంతు "వేడుకుంటున్నాము తండ్రీ" దగ్గర తెగిపోయింది. అత్తగారు ఆమేన్ కోసం చేతులు జోడించుకుని కూర్చుంది. స్పూలు ఉత్తగా తిరుగుతోంది. ఆమె కళ్లు తెరవలేదు.

బావగారు మావాడి చెవి మెలిపెట్టి, దీన్ని కెలికింది ఎవరని అడిగారు. వాడు నేను కాదని చెప్పబోయాడు. పదిహేను రోజుల తర్వాత వాడు నోరు తెరవడం అదే.

"నే... నే..."

"నేనే అంటుండాడు, ఇనండి" అని బావగారు వాడి వీపు మీద చరిచారు. వాడు మళ్లీ "నే... నే..." అన్నాడు. మళ్లీ కొట్టారు. నేను అత్తగారి ముఖం చూస్తూ గోడకు ఆనుకుని నిలబడ్డాను.

పొద్దున సద్దన్నం కలుపుతూ పిల్లలిద్దరికీ చెప్పాను.

"ఆ టేపు చెరిపింది నేను. తమ్ముడు కాదు. నాయనమ్మతో మాత్రం అనబాకండి."