దిబ్బ నీడ

సింగానల్లూరులో నా ఉద్యోగం రోజంతా ఆకాశం నుంచి నేలను చూడడం. ఉపగ్రహం తీసిన పటాల్లో అనుమతి లేని తవ్వకాలు ఎక్కడ మొదలయ్యాయో గుర్తించి అధికారులకు పంపుతాం. బయటివాళ్ళు దీన్ని గొప్ప వేగుపని అనుకుంటారు. నిజానికి కళ్ళు మండే పని.

ఒకరోజు తెరమీద మా పెద్దమ్మ చేనే కనిపించింది. కొండల వైపున్న ఆ చేను మెరక తీసి చదును చేస్తామని ఇటుక బట్టీవాళ్ళు ఆమెను ఒప్పించారు. నెలనెలా తీసిన పటాలు వరసగా పెట్టి చూస్తే చేనంతా గుంతయిపోయింది. నడుమ ఒక చిన్న దిబ్బ మాత్రం మిగిలింది. దాని మీద మా ఇంటి పేరంటాలమ్మ రాయి ఉంది. ఎప్పుడో మా వంశంలో పోయిన ఒక ముత్తయిదువను ఆ రాయిలో కొలుస్తాం. మన్ను తోడేవాళ్ళకు చట్టమంటే లెక్కలేదు గానీ అమ్మవారంటే వణుకు. చుట్టూ తవ్వి ఆమెను వదిలేశారు.

పైనుంచి తీసిన పటంలో లోతు తెలియదు. దిబ్బ నీడ తెలుస్తుంది. నీడను బట్టి ఎత్తు, ఎత్తును బట్టి తవ్విన లోతు లెక్కగట్టాం. అది పాతకాలపు పల్లమేనంటూ వచ్చిన బట్టీవాళ్ళ నోరు మూతపడింది. తవ్వకం ఆగింది. నాకు గర్వంగానే అనిపించింది.

పెద్దమ్మకు నా గర్వంతో పనిలేదు. "వానకాలం వస్తా ఉంది కణ్ణూ. దిబ్బ కరిగిపోతాది. సామిని కిందికి దించేకి మనుషుల్ని పిలిపించనా?" అని ఫోన్లో అడిగింది. నేను కేసు చూస్తున్న అధికారిని అడిగాను. విచారణ ముగిసేదాకా దిబ్బను ముట్టుకోకూడదని, లోతుకు అదే సాక్ష్యమని ఆయన అన్నాడు. ఆ మాటే ఆమెకు చేరవేశాను.

"సరి విడు. గవర్నమెంటు చెప్తే ఏం చేసేది," అంది. ఆ ఏడు గుంత గట్టునే పొంగలి పెట్టి, దూరం నుంచే దండం పెట్టుకుని వచ్చింది.

వానలు తగ్గాక వచ్చిన పటంలో నీడ లేదు. దిబ్బ విరిగి, రాయితో సహా గుంత నీళ్ళలో పడిపోయింది. కేసు కూడా పోయినట్టేనని కంగారుపడి అధికారికి ఫోన్ చేశాను. ఆయన నింపాదిగా, "పాత పటం ఫైల్లో ఉంది కదా, అది చాలు," అన్నాడు.

కాస్త ఊరట కలుగుతుందని అదే పెద్దమ్మకు చెప్పాను.

"ఆ పటం అప్పుడే నీ చేతిలో ఉండె కదా కణ్ణూ," అందామె. "మరి సామిని ఎందుకు దించనియ్యలా?"