కుట్లు లేని ఆపరేషను

దేశ రాజధాని పక్కనున్న ఇందిరాపురంలో మా పై ఫ్లాటులో ఉండే రిటైర్డ్ నర్సు ఆంటీ మొన్న మంగళవారం పొద్దున పోయారు. సొసైటీ గ్రూపంతా చేతులు జోడించిన బొమ్మలే. "ఎంతో శాంతస్వభావురాలు" అని రాశాడొకాయన. ఆవిడతో ఒక్కసారి లిఫ్టెక్కినవాడైనా ఆ మాట రాయడు.

ఆవిడకి మూర్ఖులంటే పడేది కాదు, కాబట్టి మాలో ఎవరంటేనూ పడేది కాదు. మనం మాట్లాడుతుంటే మన కళ్ళలో పచ్చకామెర్లున్నాయేమోనని చూసేవారు. టీ చల్లారాకే తాగేవారు.

మా అమ్మాయికి ఏడేళ్ళప్పుడు ఎప్పుడూ మత్తే. టీచరు సోమరితనం అంది. మా బావగారు దిష్టి అన్నారు. నేను చదువుకున్నవాణ్ణి గనక టీవీ అన్నాను. ఆంటీ నెల రోజులు గమనించి, "పప్పో పనీరో తిన్న రోజే దీనికి మత్తెక్కువ. మీ ఇంట్లో ఎవరికీ కళ్ళు లేవా?" అన్నారు.

పరీక్షల్లో తేలింది. పుట్టుకతోనే ఒక రక్తనాళం దారి తప్పింది. పేగుల నుంచి వచ్చే రక్తం కాలేయంలో శుభ్రపడకుండానే పక్కదారిన ఒంట్లోకి పోతోంది, ఆ విషం మెదడుకెక్కుతోంది. మెడ దగ్గర నరంలోంచి సన్నటి గొట్టం పంపి, ఆ దారిని చిన్న బిరడాతో మూసేస్తామన్నారు డాక్టరు. పొట్ట కొయ్యక్కర్లేదన్నారు.

దాంతో మా ఆఫీసు పెద్దలు ఆర్.కె. పురం నుంచి పళ్ళు పట్టుకుని దిగారు. "కొయ్యకుండా కాలేయం బాగుచెయ్యడమేంటండీ? పిల్ల మీద ప్రయోగం చేస్తున్నారు" అన్నాడు ఒక అండర్ సెక్రటరీ. జన్మలో ఫైలు తప్ప ఏదీ తెరిచి చూడని మనిషి. నేను అంతకన్నా పెద్ద వెధవని. ఆయన మాట విని, సంతకం పెట్టాల్సిన కాగితాన్ని మూడు వారాలు నానబెట్టాను. ఆ మూడో వారం పిల్ల నన్నే చూస్తూ, "అంకుల్, నాన్న కహా హై?" అని నాన్నెక్కడో నన్నే అడిగింది.

ఆంటీ మెట్లు దిగొచ్చి కాగితం నా ముందు పెట్టారు. "కుట్లు లెక్కపెట్టుకోడానికా దీన్ని కన్నావు? చుట్టాలకి చూపించడానికి గాటు కావాలేం? పెట్టవయ్యా సంతకం." పెట్టాను.

ఆపరేషనైన నాలుగో రోజు ఇంటికొచ్చాం. పరామర్శకొచ్చినవాళ్ళు పిల్ల మెడ మీద చిన్న ప్లాస్టరు చూసి మొహాలు వేలాడేశారు. "ఇంతేనా?" అన్నాడు అండర్ సెక్రటరీ, తెచ్చిన కొబ్బరిబొండాలు దండగైనట్టు. "అంతేనండీ. చాలకపోతే మీకు కోయిస్తాను, రండి" అన్నారు ఆంటీ.

ఆవిడకి నేను సరిగ్గా కృతజ్ఞత చెప్పుకోలేదు. చెప్పబోతే "నీకోసం కాదులే" అనేవారు. నేనంటే ఆ చులకన చివరిదాకా ఉంది. ఉండాల్సిందే.

మంగళవారం, ఆవిడ చెల్లెలు విజయవాడ నుంచి వచ్చేదాకా ఐస్ పెట్టె పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. గ్రూపులో కన్నీళ్ళు కార్చినవాళ్ళంతా వచ్చి, హాజరు వేయించుకుని వెళ్ళిపోయారు. నేనూ గోడకానుకుని కునికాను. కళ్ళు తెరిచేసరికి మా అమ్మాయి ఆంటీ తల దగ్గర నిటారుగా కూర్చుని ఉంది. గాజు మీద చెమ్మ పేరుకున్నప్పుడల్లా, ఆవిడ మొహం కనపడేలా చున్నీతో తుడుస్తోంది.