సోమవారం వచ్చిన డ్రాయింగ్

రాష్ట్రం విడిపోయిన నాలుగో ఏడు, ఎండలు ఇంకా ముదరని రోజులు. అప్పటికే నేను ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు వైపున్న ఒక సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌ని. ముప్పై మూడు వేల వోల్టుల కరెంటు మా దగ్గరికి వస్తుంది. దాన్ని పదకొండు వేలకు దించి ఊళ్లోకి పంపుతాం. ఆ దించే పెద్ద యంత్రం పేరు పవర్ ట్రాన్స్‌ఫార్మర్. మాకు అది ఒక్కటే ఉండేది. ఏప్రిల్ వస్తే దాని మీద మోయలేనంత బరువు పడి, పక్క కాలనీలో ఫ్యాన్లు రెక్కలు లెక్కపెట్టుకునేంత నిదానంగా తిరిగేవి. అందుకని రెండో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలనీ, దానికోసం కొత్తగా ఒక 33 కెవి లైను లాగాలనీ మంజూరైంది.

పని మొదలయ్యే ముందు కాలనీవాళ్లకు చెప్పాలి. ఎక్కడ తవ్వుతారు, ఎవరి గోడ పక్కన స్తంభం పడుతుంది, తీగ ఎటునుంచి పోతుంది, ఇవన్నీ. మా ఏఈ, అంటే మా సెక్షన్ చూసే ఇంజనీరు, గుంటూరు వైపు మనిషి. ఆ పని నాకే ఇచ్చాడు. "మీరు బాగా చదువుకున్నవారు, మీరు చెబితేనే బాగుంటుంది" అన్నాడు.

నిజానికి నేను బడిలో చదివింది ఐటీఐ వరకే. మిగతాదంతా గ్రంథాలయం పెట్టిన చదువు. మాది లింగాల. పులివెందులలో చదివే రోజుల్లో సాయంత్రం బస్సు వచ్చేదాకా గ్రంథాలయంలోనే కూర్చునేవాణ్ని. ఉద్యోగం వచ్చాక ప్రొద్దుటూరులోనూ అదే అలవాటు. విద్యుత్తు మీద తెలుగులో దొరికిన పుస్తకాలన్నీ రెండేసి సార్లు చదివి, నోటు పుస్తకంలో సారాంశాలు రాసుకున్నాను. మా సబ్‌స్టేషన్‌లో బుక్కోల్జ్ రిలే ఎందుకు మోగుతుందో విడమరచి చెప్పగలిగింది నేనొక్కణ్నే. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు అని రాయబోయాను. గొప్పకే చెబుతున్నాను.

ఒక ఆదివారం బడి వరండాలో మీటింగ్ పెట్టాం. నలభై మంది దాకా వచ్చారు. నేను మూడు రాత్రులు కూర్చుని తయారు చేసుకున్న ఉపన్యాసం చదివాను. ట్రాన్స్‌ఫార్మర్‌లో వేల లీటర్ల నూనె ఉంటుందని, ఆ నూనె తీగచుట్టలను చల్లబరుస్తుందని, లోపల తేడా వస్తే గ్యాసు పుడుతుందని, ఆ గ్యాసును పసిగట్టి కరెంటును ఆపేదే బుక్కోల్జ్ రిలే అని వివరించాను.

ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దామె చెయ్యెత్తింది. "అయితే నూనె ట్యాంకు పెడ్తాండారా మా ఇండ్ల కాడ?"

"ట్యాంకు కాదమ్మా, అది..."

"గ్యాసు కూడా ఉంటాదంటివే!"

"ఉండదు. పుడితే..."

"పుడితే మేమేం గావాల?"

వెనకనుంచి ఎవరో అన్నారు: "లేయండప్పా, పోదాం. పేలేది ఎట్ల పేలుతాదో గూడా పుస్తకంలో రాసుకోనొచ్చినాడు ఈ సామి."

వరండా ఖాళీ అయింది. నేను పంచిన నోటీసుల్లో కొన్ని అక్కడే పడి ఉన్నాయి. మరుసటి రోజు ఒక ఇంట్లో చూశాను, నా నోటీసును నాలుగు మడతలు పెట్టి తలుపు కొట్టుకోకుండా కింద దూర్చారు. రెండు రోజులకు కాలనీ నుంచి ఏఈకి అర్జీ పోయింది, మాకు ఇది వద్దని.

అప్పుడు ఏఈ ఆ పని ఓబులేసుకు అప్పగించాడు.

ఓబులేసు మా లైన్‌మన్. జమ్మలమడుగు దగ్గర పల్లెవాడు, నాకంటే పదేళ్లు చిన్న. పదో తరగతి గట్టెక్కలేదు. పేపరు కూడా సినిమా పేజీ తప్ప తిప్పడు. వాడు మీటింగ్ పెట్టలేదు. సాయంత్రం కుళాయి నీళ్లు వచ్చే వేళకు కాలనీలోకి పోయి, ఇంటింటి ముందు కూర్చునేవాడు. అక్కడ ప్రతి ఇంటికీ గడప ముందు నల్లటి కడప బండ ఉంటుంది. దాని మీద సుద్దముక్కతో గీసేవాడు.

"ఇది మీ ఇల్లు మేనత్తా. ఇది మా సబ్‌స్టేషను. కొత్త డబ్బా ఈడ కూసుంటాది. లైను రోడ్డు పక్కమ్మటే వస్తాది. మీ నెత్తి మీదికి రాదు."

"నూనె కారితే?"

"ఇప్పుడుండేదాంట్లో గూడా నూనే ఉండాది గదా. ఇరవై ఏండ్లాయె. ఒక్క చుక్క నీ దోసె మీద పడిందా?"

ఆమె నవ్వింది. ఆ నవ్వు నేను సబ్‌స్టేషన్ గేటు దగ్గర నిలబడి విన్నాను. వారం తిరిగేసరికి అర్జీ వెనక్కి తీసుకున్నారు. దాదాపు ప్రతి గడప ముందూ వాడి సుద్దబొమ్మ ఉంది. ఊడ్చేటప్పుడు ఆడవాళ్లు దాన్ని చెరపకుండా చుట్టూ ఊడ్చేవాళ్లు. వాణ్ని పేరుపెట్టి పిలిచి టీ ఇచ్చేవాళ్లు. నేను ఎనిమిదేళ్లుగా ఆ వీధిలోనే డ్యూటీకి వచ్చిపోతున్నాను. నన్ను టీ తాగమన్నవాళ్లు లేరు.

నాకు కడుపు మండింది. వేరే మాట వెతకను. వాడు చెప్పిన ప్రతి వాక్యంలో తప్పులు పట్టేవాణ్ని, మనసులో. ట్రాన్స్‌ఫార్మర్‌ను డబ్బా అంటాడా! వోల్టేజీకీ కరెంటుకూ తేడా తెలియనివాడి మాట నమ్మి, తెలిసినవాడి మాటకు లేచిపోతారా!

ఆ తర్వాతి సోమవారం కొత్త డ్రాయింగ్ వచ్చింది. ముందున్న రోడ్డును వెడల్పు చేస్తున్నారట, అందుకని లైనును రోడ్డు పక్కనుంచి తీసేసి సబ్‌స్టేషన్ వెనకవైపుకు మార్చారు. ఏఈ ఫోన్ చేశాడు. "ఓబులేసుకు చూపించండి, ఇళ్లవాళ్లకు మళ్లీ చెప్పాలి." సరే సార్ అన్నాను. డ్రాయింగ్ మడిచి బీరువాలో పెట్టాను.

ఆ రోజు వాడు కనిపించలేదు. అది నిజం. మంగళవారం కనిపించాడు. అడగనిదే నేనెందుకు చెప్పాలి అనుకున్నాను. వాడి సుద్దబొమ్మలన్నీ తప్పని కాలనీకి తెలిసే రోజు ఒకటి వస్తుంది కదా, ఆ రోజు వాడి ముఖం చూడాలనిపించింది.

ఇక్కడ మా పనిలో ఒక పద్ధతి చెప్పాలి. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు ఆపరేటర్‌ని అడిగి లైన్ క్లియర్ తీసుకుంటాడు. ఆ లైనులో కరెంటు ఆపేశాం, ఎక్కవచ్చు అని మేము ఒక నంబరు ఇస్తాం. మా మాట నమ్మి వాడు తీగను చేత్తో పట్టుకుంటాడు. బుధవారం ఉదయం ఓబులేసు లైన్ క్లియర్ కోసం ఫోన్ చేశాడు. నంబరు ఇచ్చాను. రాసుకుంటూ అన్నాడు:

"ఉసేన్‌బీ అక్క మిద్దె మీద వెనకపక్క రూము కడ్తాంది మామా. లైను ఏమన్నా అడ్డమొస్తాదా అని అడిగింది. రోడ్డు పక్కకే గదా, నువ్వు కట్టుకోక్కా అన్న్యా."

"ఊఁ" అన్నాను.

ఉసేన్‌బీ ఇల్లు మా వెనక గోడకు ఆనుకునే ఉంటుంది. భర్త లేడు. మగ్గం వర్కు చేస్తుంది, అంటే చట్రానికి బట్ట బిగించి పెళ్లి జాకెట్ల మీద జరీ, పూసలు కుట్టే పని. ఆమె దగ్గర నలుగురు అమ్మాయిలు పని చేస్తారు. బజారులోని బట్టల షాపువాడు, నాలుగు చట్రాలు ఒకచోట వేసుకునే జాగా ఉంటే ఈ పెళ్లిళ్ల సీజనంతా పని నీకే అన్నాడట. ఆ రూము దానికోసం. కొత్త డ్రాయింగ్‌లో తీగ సరిగ్గా ఆ మిద్దె అంచు వెంబడే పోతుంది. 33 కెవి తీగకూ ఇంటికీ మధ్య పక్కకు రెండు మీటర్లయినా ఉండాలి. ఆ రూము లేస్తే, తర్వాత కూలగొట్టమంటారు. లేదా ఒకరోజు ఏ అమ్మాయో తడిచీర ఆరేస్తూ చెయ్యి చాపుతుంది.

ఇదంతా నాకు తెలుసు. నాకంటే బాగా తెలిసినవాడు ఆ ఆవరణలో లేడు. రోజూ యార్డులో రీడింగులు రాసుకుంటూ తలెత్తితే ఇటుకలు ఒక్కో వరుసే లేవడం కనిపించేది. రేపు చెబుదాం అనుకునేవాణ్ని. గోడలు నిలువెత్తు లేచాయి. పని మొదలయ్యాక వచ్చిన రెండో శనివారం సెంట్రింగ్ రేకులు పరిచారు. మరుసటి రోజు స్లాబ్ వేస్తారు.

ఆ శనివారం మధ్యాహ్నం మూడింటి రీడింగు తప్పు రాశాను. దిద్దాను. మళ్లీ తప్పు రాశాను. నాలుగుకు షిఫ్టు మారగానే డ్రాయింగ్ తీసుకుని ఆమె ఇంటికి పోయాను. ఓబులేసు అక్కడే, మిద్దె మీద, టీ గ్లాసుతో ఉన్నాడు.

"రా మామా, చూడు అక్క ప్యాలెస్సు!"

"లైను రోడ్డు పక్క రాదు ఓబులేసూ. ఈ పక్కనే వస్తాది. డ్రాయింగ్ మారింది."

వాడు గ్లాసు కింద పెట్టాడు. "ఎప్పుడు మారింది?"

"సోమవారం."

"మొన్న సోమవారమా?"

"కాదు. దాని ముందు సోమవారం."

ఉసేన్‌బీ మెట్ల మీద నిలబడి వింటోంది. ఆమె మెల్లగా అడిగింది. "సోమవారం తెలిసిందా సారూ నీకు? నేను మేస్త్రీని పిలిచింది బుధవారం."

ఓబులేసే నా తరఫున మాట్లాడాడు. "పనుల్లో పడి మర్చిపోయుంటాడు లేక్కా."

ఆ ఒక్క మాట పట్టుకుని బయటపడి ఉండవచ్చు. కానీ అందులోనూ వాడే మంచివాడు, నేను వాడి దయ మీద బతికేవాణ్ని. అది మరీ మండింది. "మర్చిపోలేదు" అన్నాను. "చెప్పలేదు. వీళ్లంతా నీ మాట వింటాండారని నాకు కుళ్లు."

ఉసేన్‌బీ నన్ను తేరిపార చూసింది. "అన్ని పుస్తకాలు సదివినావంట. ఈ ఒక్క ముక్క చెప్పనీకి నోరు రాకపాయనా? మీ ఇద్దురి మధ్య నేనేం జేస్తి సారూ?"

ఆమె మెట్లు దిగి లోపలికి పోయింది.

ఓబులేసు చాలాసేపు ఆ రేకుల వైపే చూశాడు. తిడతాడనుకున్నాను. "నువ్వు చెప్పలేదంటే ఏం ల్యాదనుకుంటి మామా" అన్నాడు, అంతే. "దినామూ నీ మాట మీదనే గదా నేను పైకెక్కేది."

ఆ సాయంత్రమే ఏఈకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. మెమో వచ్చింది, తీసుకున్నాను. సెలవు పెట్టి మేస్త్రీతో కలిసి గోడలు విప్పి ఇటుకలు మిద్దె ముందువైపుకు మోశాను. అక్కడ జాగా తక్కువ. నాలుగు చట్రాలు పట్టాల్సిన రూములో మూడే పట్టాయి. నాలుగోది కింద వంటింటి పక్క ఇరుకులోనే ఉండిపోయింది. మోసిన అన్ని రోజులూ ఉసేన్‌బీ నాతో మాట్లాడలేదు. టీ మాత్రం ఇచ్చింది, అందరికీ ఇచ్చాక.

తర్వాత ఓబులేసు తడిగుడ్డ, సుద్దముక్క తీసుకుని నన్ను వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. బొమ్మ చెరిపి కొత్తది గీసేవాడు. గీసి, "ఎందుకు మారిందో మా మామ చెప్తాడు" అని పక్కకు జరిగేవాడు. చెప్పేవాణ్ని. "నీకు ముందే తెలుసా?" అని ఎవరైనా అడిగితే, తెలుసని ఒప్పుకునేవాణ్ని. "మంచోడివే!" అని ముఖం మీదే అన్నవాళ్లున్నారు. ఒకాయన గడప మీదినుంచి లేవకుండానే, "ఈసారి ఉపన్యాసం పొట్టిగా ఉండాదే" అన్నాడు. కానీ ఎవరూ లేచిపోలేదు. అందరూ చివరిదాకా విన్నారు. నేను ఆ కాలనీకి నిజంగా సమాచారం ఇచ్చింది అప్పుడే. అంతకుముందు ఇచ్చింది నా చదువు.

రెండో ట్రాన్స్‌ఫార్మర్ ఆ వేసవిలోనే చార్జ్ అయింది, అంటే దాంట్లోకి కరెంటు వదిలాం. ఓబులేసు మీద నా కుళ్లు పోయిందని రాస్తే అబద్ధం. ఇవాళ్టికీ వాడు వీధిలో పోతుంటే నాలుగు గడపల్లోంచి పిలుస్తారు, నాకు కొంచెం గుచ్చుకుంటుంది. తెలిసిన విషయాన్ని మనదగ్గరే అట్టిపెట్టుకుంటే అది చదువు కాదన్న సంగతి నాకు ఏ గ్రంథాలయంలోనూ దొరకలేదు. ఒక మిద్దె మీద దొరికింది. తెలిసింది అవసరమైన మనిషికి, అవసరమైన రోజున చేరాలి, చెప్పేవాడికి ఆ మనిషి నచ్చినా నచ్చకపోయినా.

ఆ గొడవ తర్వాత మొదటి ఉదయం ఓబులేసు ఎప్పటిలాగే ఫోన్ చేశాడు. లైన్ క్లియర్ నంబరు చెప్పాను. ఇంతకుముందయితే రాసుకుని పెట్టేసేవాడు. ఈసారి పెట్టలేదు. అడిగాడు.

"ఇంకేమన్నా ఉండాదా మామా?"

అప్పటినుంచి ప్రతిరోజూ అడుగుతాడు. నేను లేదని అన్నాకే స్తంభం ఎక్కుతాడు.