హరలంపి బాబాయ్ తప్పు లెక్క

హరలంపి బాబాయ్‌ని ఏది అడిగినా సమాధానం చెప్పడు, మూడు ప్రశ్నలు వేస్తాడు. నీ దగ్గర ఎంత ఉంది? అందులో ఎంత పోయినా నీకు నిద్ర పడుతుంది? నీది తప్పని ఎక్కడ ఒప్పుకుంటావు? ఈ మూడింటికీ జవాబులు రాబట్టి, తాను స్వయంగా రాసిన కాలిక్యులేటర్ ప్రోగ్రాములో కొట్టి, ఎంత వెయ్యాలో చెబుతాడు. వచ్చే అంకె ఎప్పుడూ మనం ఆశపడ్డదానికంటే చిన్నదే.

ఆయన రూసె ఊళ్లో ముప్ఫై నాలుగేళ్లు లిఫ్టుల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఊరికే కూర్చోలేక కరెన్సీ వ్యాపారంలో దిగి, మొదటి ఏడాదే చేతులు కాల్చుకున్నాడు. ఒక యూరో ఉన్నవాణ్ని ముప్ఫై యూరోల ఆట ఆడనిచ్చే వ్యాపారం అది. ముప్ఫై మంది పట్టారు కదా అని లిఫ్టులో ముప్ఫై మందినీ ఎక్కిస్తామా అన్నది ఆనాటి నుంచి ఆయన వాదన. కాలిక్యులేటర్ అప్పుడే పుట్టింది. బ్లాకులో ఆ పిచ్చి ఉన్న అందరికీ తలో కాపీ ఇచ్చాడు. తెరవగానే అది ముందు పేరు అడుగుతుంది. మర్యాద కొద్దీ అడుగుతోందనుకున్నారందరూ.

వ్యాపారం వరకే అయితే ఎవరికీ బాధ లేదు. ఎనిమిదంతస్తుల ఆ బ్లాకు లిఫ్టులో 'నలుగురు లేదా 320 కిలోలు' అని రాసి ఉంటుంది. బాబాయ్ గుమ్మంలో నిలబడి ఎక్కేవాళ్లందరి బరువూ అడుగుతాడు. మూడో అంతస్తు ఎవ్‌గేనియా గారు మందుల షాపు నడుపుతుంది, మనిషి కాస్త భారీ. నలుగురిలో బరువు చెప్పడం ఇష్టంలేక ఆవిడ ఆరేళ్లుగా మెట్లే ఎక్కుతోంది. పదకొండు కిలోలు తగ్గింది కూడా, ఆ సంగతీ చెప్పదు.

కింద మంగలి షాపు క్రుమ్ ఒకసారి అత్తగారు పంపిన మండే మిరపకాయ ఇచ్చాడు. బాబాయ్ దాన్ని కత్తితో చీల్చి, ఆవగింజంత ముక్క నాలుక మీద పెట్టుకుని, మిగతాది తిరిగిచ్చేశాడు. నాలుక ఒకటే ఉందిరా, మొత్తం ఒక్క కాయ మీద పెట్టలేను అన్నాడు.

ఫిబ్రవరిలో ఆయన పేరు పండుగ, అంటే అదే పేరుగల, తేనెటీగలను కాచే సెయింటు రోజు. ఆ రోజు ఎవరినీ పిలవరు, అందరూ వస్తారు. ఎనిమిది మంది వస్తారని ప్రకటించి ఇరవై నాలుగు మందికి వండుతాడు. ఇంత లెక్కల మనిషి ఏటా ఈ ఒక్క లెక్కా తప్పుతాడేమిటని భోంచేసినవాళ్లు నవ్వుకుంటూ, తేనె సీసా ఒకటి చంకన పెట్టుకుని వెళ్తారు.

పైవరసలో ముందుపన్ను ఒకటి అక్రోటుకాయ కొరికి పోగొట్టుకున్నాడు. ఆరో అంతస్తు రాలిత్సా కట్టుడు పళ్లు తయారుచేస్తుంది. వంటింటినే పనిగదిగా మార్చుకుని పద్నాలుగేళ్లుగా ఊళ్లో సగంమంది పళ్ల డాక్టర్లకు పింగాణీ పళ్లు కట్టి ఇస్తోంది. బాబాయ్‌కి ఉత్తినే పెట్టిస్తానంది.

"ముప్ఫై రెండులో ఒకటి, మూడు శాతం నష్టం, భరించగలను. నీ డాక్టరు పక్క పన్ను కూడా కదిలిస్తే ఎక్కడ ఆపాలో ఎవరు చెబుతారమ్మాయ్?" అన్నాడు బాబాయ్, ఆ సందులోంచి గాలి ఊదుతూ.

రాలిత్సా దగ్గర పనితనం ఉంది, పొయ్యి లేదు. తయారుచేసిన పళ్లను కోడిగుడ్ల అట్టలో పెట్టుకుని బస్సులో ఊరి అవతలి ల్యాబ్‌కు తీసుకెళ్లి కాల్పించుకుంటుంది. ఒకటో తారీఖు నుంచి నీకు చోటు లేదని ఆ ల్యాబ్ వాళ్లు చెప్పేశారు. సొంత పొయ్యి రాకపోతే పద్నాలుగేళ్ల పని ఆగిపోతుంది. వార్నాలో ఒకాయన పాత పొయ్యి అమ్ముతున్నాడు, ఆరు వేల ఆరు వందల యూరోలు, శుక్రవారం దాకా ఆగుతానన్నాడు. ఆమె దగ్గర సరిగ్గా ఆరు వేలు ఉన్నాయి. ఆరు వందలు తక్కువ.

గురువారం మధ్యాహ్నం మూడుంపావుకి కేంద్ర బ్యాంకు ప్రకటన. యూరో ధర పెరిగి తీరుతుందని ఆమెకు గట్టి నమ్మకం. పెరిగితే ఆరు వందలు వస్తాయి. తగ్గితే ఎక్కడ ఆపాలో ఒక గీత పెట్టుకుంది, ధర అక్కడికి దిగగానే కంపెనీ దానంతటదే అమ్మేస్తుంది, పోయేదీ ఆరు వందలే. ఆ పొద్దున్న బాబాయ్ కాలిక్యులేటర్‌లో అంకెలన్నీ కొట్టింది. మూడు లాట్లు, అంటే మూడు కట్టలు, కొనమంది. ఆమె విసుక్కుంటూ మూడు కొంది.

మధ్యాహ్నం పంటి అచ్చు ఆరేదాకా చేసే పని లేక, అచ్చు పోసే గచ్చుపొడి తాలూకు ఖాళీ కాగితపు సంచీ వెనకవైపు పెన్సిలుతో అదే లెక్క వేసింది. పదిహేను వచ్చింది. మళ్లీ వేసినా పదిహేనే. కాలిక్యులేటర్ ఐదోవంతు చెబుతోంది. బాబాయ్ లెక్క తప్పు!

ఆమెకు కోపం కంటే సంతోషం ఎక్కువైంది. అక్కడికక్కడే ఫోనులో ఇంకో పన్నెండు కొనుక్కుని ఊరుకోవచ్చు. కానీ హరలంపి బాబాయ్ ముఖం వాడిపోవడం చూసే భాగ్యం జన్మకొకసారి కూడా దొరకదు. ఆయన ముందే కొందామని గచ్చు సంచీ పట్టుకుని మంగలి షాపుకు దిగింది.

బాబాయ్ కుర్చీలో ఉన్నాడు, ముఖం నిండా నురగ, గొంతు మీద క్రుమ్ కత్తి. కత్తి గొంతు మీద ఉండగా ఆయన నోరు విప్పడు, గొంతు ఒకటే ఉంది కాబట్టి. ఆమె సంచీ చూపించింది. ఆయన కళ్లతో చదివి, ఆగమన్నట్టు వేలెత్తాడు. ఆమె ఆగింది. క్రుమ్‌కూ ఆ పిచ్చే కాబట్టి షాపు గోడ మీద పెట్టించుకున్న తెరలో ధర నత్తనడక నడుస్తోంది. మూడైంది. క్రుమ్ తువ్వాలుతో ముఖం తుడిచాడు.

"ఏమంటారు బాబాయ్? తప్పా కాదా?"

బాబాయ్ చెంప తడుముకున్నాడు. గోడ గడియారం చూశాడు.

"క్రుమ్, ఇంకోసారి గీయి," అన్నాడు.

క్రుమ్ తెల్లబోయాడు. పదిహేనేళ్లలో ఈయన ఒకే రోజు గొంతు మీద రెండోసారి కత్తి పెట్టనిచ్చింది లేదు. అయినా నురగ పూశాడు. రాలిత్సా ఒళ్లు మండిపోయి ఇటూ అటూ తిరిగింది, కానీ పోలేదు. ఆ ముఖం వాడిపోవడం చూడకుండా ఎలా పోతుంది? కత్తి చెవి దగ్గరికొచ్చేసరికి మూడుంపావైంది.

ధర పెరగలేదు. గీత దగ్గర ఆగనూ లేదు. అక్కడ కొనేవాడే లేకపోయాడు. ధర ఒక్క ఊపులో గీతను దాటేసింది, ఆమె లాట్లు అనుకున్నదానికి మూడింతల దూరంలో అమ్ముడయ్యాయి. రాలిత్సా ఫోను చూసుకుంది. మూడు లాట్లకు పోయినవి మూడు వందల అరవై. పదిహేనైతే ఎంతో గచ్చు సంచీ మీద లెక్క వేసి, పక్క కుర్చీలో కూలబడింది. పద్దెనిమిది వందలు.

బాబాయ్ ముఖం తుడుచుకుని, వెంట తెచ్చుకున్న కంప్యూటరు తెరిచి కాలిక్యులేటర్‌లో దాచిన వరస ఒకటి చూపించాడు. పేర్లు, పక్కన అంకెలు. క్రుమ్, రెండు. ఎవ్‌గేనియా, మూడు. రాలిత్సా, ఐదు. వచ్చిన జవాబును కాలిక్యులేటర్ ఎవరి అంకెతో వాళ్లకు భాగించి చెబుతోంది.

"అంటే ఇన్నాళ్లూ మాకు అబద్ధం చెప్పారా?" అంది రాలిత్సా.

"లిఫ్టులో నలుగురని రాస్తాం. ఆ తాడు ఎంతమందిని మోస్తుందో నాకు తెలుసు, మీకెందుకు? నువ్వు పెట్టుకున్న గీత కాగితం మీదే ఉంటుందమ్మాయ్, ధరకు దాని సంగతి తెలియదు."

"ఆ మాట నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే ఐదు రెట్లు వేసుకుని అడుగుతావు."

క్రుమ్ పకపకా నవ్వాడు. నిజంగానే అలా అడిగేదాన్నని ఆమెకూ తెలుసు. తనకే ఐదెందుకని అడగబోయి, వరసలో చివరి పేరు చూసి ఆగిపోయింది. హరలంపి, పది.

అప్పుడు ఆమెకు తన మీదే సిగ్గేసింది. పింగాణీ పన్ను పొయ్యిలో కాలితే కుంచించుకుపోతుంది. అందుకే పద్నాలుగేళ్లుగా ప్రతి పన్నునూ నోటికి పట్టనంత పెద్దదిగా కడుతోంది. కాలకముందు చూసినవాడెవడైనా కొలత తప్పిందనే అంటాడు. తను రోజూ చేసే పనే ఈయన చేస్తే తప్పు లెక్క అని సంచీ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. మూడుంపావు దాటేదాకా తనను ఆపడానికే గొంతు మీద రెండోసారి కత్తి పెట్టించుకున్నాడని కూడా అప్పుడే అర్థమై, ఆయన మీద అంతులేని ప్రేమ కలిగింది.

"పొయ్యి పోయినట్టే బాబాయ్," అంది మెల్లగా.

"రోజుకెన్ని పళ్లు చేస్తావు?"

ఈ ప్రశ్న ఆయన వారం నుంచీ అడుగుతున్నాడు, ఆమె చెవిన పెట్టలేదు. తొమ్మిదని చెప్పింది. వార్నా పొయ్యిలో ఒక్కసారికి ముప్ఫై పడతాయి. బాబాయ్ ఫోను తీసి లెక్క కొట్టాడు. వచ్చినది ఎప్పట్లాగే చిన్న అంకె. ఒక్కసారికి ఆరు పళ్లు పట్టే పొయ్యి చాలు, రెండుసార్లు కాల్చుకో అన్నాడు. అలాంటిది ప్లెవెన్‌లో మూడు వేల తొమ్మిది వందలకుందని కనుక్కుని, అమ్మేవాడి నంబరు వారం కిందటే రాసి పెట్టుకున్నాడు.

ఒకటో తారీఖున చిన్న పొయ్యి ఆరో అంతస్తు వంటింట్లోకి వచ్చింది. అందులో కాలిన మొదటి పన్ను ఎవరిదో బ్లాకంతా తెలుసు. డాక్టరు దాన్ని అమర్చిన రోజు రాలిత్సా కుర్చీ పక్కనే నిలబడింది.

"బాబాయ్, మీ దగ్గర ఎన్ని పళ్లున్నాయి?"

"ముప్ఫై ఒకటి, ఇదొకటి."

"ఎన్ని పోయినా నిద్ర పడుతుంది?"

"ఇక ఒక్కటి కూడా పోకూడదు."

"మీది తప్పని ఎక్కడ ఒప్పుకుంటారు?"

బాబాయ్ అద్దం అందుకుని, పెదవి ఎత్తి, పన్నును అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు. వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది.

"ఇక్కడే ఒప్పుకుంటానమ్మాయ్," అన్నాడు నవ్వుతూ, ఈసారి గాలి పోకుండా.

ఆ సాయంత్రం లిఫ్టులో బాబాయ్‌తో కలిపి అప్పటికే నలుగురున్నారు. ఎవ్‌గేనియా గారు సంచీలతో వచ్చి, అలవాటు ప్రకారం మెట్ల వైపు తిరిగింది. బాబాయ్ కొత్త పన్ను కనబడేలా నవ్వి, బరువు అడగకుండానే రమ్మన్నాడు. ఆవిడ లోపలికి అడుగుపెట్టగానే తాను బయటికి దిగి, మెట్లెక్కడం మొదలుపెట్టాడు.