కట్టుడు పండ్లతో గట్టిమేళం

నా ముందు పండ్లు ఎట్లా పోయినాయని ఎవరడిగినా ఒక కొత్త కథ చెప్పేవాణ్ణి. సంగీత పాఠశాలలో పిల్లలకేమో, చంద్రగిరి కోటలో రాజుల నాటి గుర్రమొకటి దయ్యమై తిరుగుతావుంటే, దానికి మోహన రాగం వినిపించబోయి తన్నించుకున్నానని చెప్పినాను. కాఫీ హోటల్లో అడిగినవాళ్ళతో, నేనూదిన తారషడ్జమమే కొండకు కొట్టుకుని వెనక్కొచ్చి మూతికి తగిలిందన్నాను. నిజం ఎవరికీ రుచించదు. చిగుళ్ళకు చీము పట్టింది. చిత్తూరులో పండ్ల డాక్టరు పై వరస పీకేసినాడు. అంతే కథ.

క్లారినెట్ వాయించేవాడికి పైపండ్లే పట్టు. వాద్యం కొనను పైపండ్లతో అదిమి, దాని అడుగున ఉండే రీడును, అంటే ఆ పల్చని బద్దను, కింది పెదవికి ఆనించి ఊదాల. పట్టు లేకుంటే గాలి పక్కలకు పోతుంది, స్వరం జారుతుంది. ఇన్నేండ్లూ తిరుపతిలో పిల్లలకు పాఠం చెబుతూ, ముహూర్తాల కాలంలో పెండ్లిండ్లలో వాయించి బతికినవాణ్ణి. అది పోతే, అబద్ధాలు చెప్పడం తప్ప నాకు వేరే విద్య రాదు.

కట్టుడు పండ్లు పెట్టించుకుని, ఆ చలికాలమంతా తలుపేసుకుని సాధన చేసినాను. మంద్రంలో బాగానే పలికేది. పైకి పోయేకొద్దీ పండ్ల సెట్టు అంగిట్లో కదిలేది. మా ఇంటామె వంటింట్లో నుంచి వినేది.

"కిందనే వాయించుకోరాదా? అంత పైకి ఎందుకు పోతావు?" అనింది ఒకనాడు.

"పైకి పోకుంటే గట్టిమేళం ఎట్లా అవుతాదే?"

"అయితే ఆ సెట్టుకు ఇంత వేపబంక పూసుకో."

ఆమె తమాషాకు అనలేదు. నేనూ నిజంగానే పూసి చూసినాను. ఆ పూటంతా అన్నం చేదు.

మామిడి పూత మీదున్న రోజుల్లో, బంగారుపాళ్యం దగ్గర ఒక తోటల ఆసామి కూతురి పెండ్లికి పిలుపు వచ్చింది. ఆ ఇంటి పెద్దాయనకు నాదస్వరం కంటే క్లారినెట్ మీద మోజు. డోలు వాయించేది ఎప్పుడూ నాతో ఉండే జతగాడే. మీసాలు రాకముందు నుంచి కలిసి తిరిగినవాళ్ళం. పెండ్లి ముందురోజు సాయంత్రం కల్యాణి రాగాన్ని ఎక్కువ పైకి పోనీకుండా నడిపించినాను. పెద్దాయన కండ్లు మూసుకుని తల ఊపినాడు. బతికినాననుకున్నాను.

తాళి కట్టే క్షణంలో పురోహితుడు చెయ్యెత్తుతాడు. మేళమంతా ఒక్కపెట్టున గట్టిగా మోగాల. ఎవరు తుమ్మినా, ఎవరు ఏడ్చినా ఆ చప్పుడు పీటల మీదివాళ్ళ చెవిన పడకూడదు. మమ్మల్ని పిలిచేదే అందుకు.

పురోహితుడు చెయ్యెత్తినాడు. బలమంతా పెట్టి పైకి పోయినాను. సెట్టు ఊడింది. సగం నోట్లో, సగం బయట. వాద్యం ఒళ్ళో పడేసి రెండు చేతులా నోరు మూసుకున్నాను. మా డోలాయన పురోహితుణ్ణి చూడడు, నన్నే చూస్తాడు. మొదటి నుంచీ అదే మా అలవాటు. నేనట్లా చేతులు అడ్డం పెట్టేసరికి, ఇంకా సమయం కాలేదేమో, ఆపమంటున్నానేమో అనుకుని టక్కున ఆపేసినాడు.

తాళి ఇంకా పెండ్లికొడుకు చేతుల్లోనే ఉంది. వంటలకాడ ఎవరో ఎండుమిరపకాయల తాలింపు వేసినట్టున్నారు. పందిరి వెనక నుంచి ఒక తుమ్ము వచ్చింది. పొడుగాటి తుమ్ము. పందిరంతా వినింది.

పెండ్లికొడుకు చేతులు దించినాడు. నీళ్ళు తాగించి, కాసేపు కూర్చోబెట్టి, మళ్ళీ చెయ్యెత్తినారు. రెండోసారి డోలొక్కటే మోగింది. పెండ్లికూతురి తల్లి అక్షింతలు వేసి, నా దిక్కు ఒకసారి చూసి, కొంగుతో కండ్లు తుడుచుకునింది. పెద్దాయన మాత్రం నా దగ్గరికి వచ్చి, "మీదేం లేదు అయ్యోరూ, భోంచేసి పోండి" అన్నాడు. తిట్టి ఉంటే ముద్ద దిగేదేమో.

తిరుగు బస్సులో నేనే మాట కలిపినాను.

"తుమ్మింది ఎవురో తెలుసునా? మనిషి కాదప్పా. మామిడిచెట్టు. పూత మీదుంటే చెట్లకు జలుబు చేస్తాది."

నేనొక కోత కోస్తే దానిమీద ఇంకోటి కోసేవాడు నా జతగాడు. ఆరోజు కిటికీలో నుంచి బయటికి చూస్తా ఉండిపోయినాడు.

"అబ్బా, నగరి పెండ్లికి వేరే ఆయన్ని పిలుద్దామనుకుంటా ఉండా."

"ఎవుర్ని?"

"నాదస్వరం ఆయన. పడుచోడు. నువ్వు కొన్నాళ్ళు అట్లా..." అని ఆగిపోయినాడు.

"సరేలే. నాకు మళ్ళా పండ్లు మొలిచినాక పిలువు."

"అట్లేలే" అన్నాడు. నగుతాడనుకున్నాను. నగలేదు. డోలును ఒళ్ళోకి ఇంకొంచెం దగ్గరగా లాక్కున్నాడు.

మళ్ళీ పిలవలేదు. బంగారుపాళ్యం తుమ్ము నాకంటే ముందే ఊర్లన్నీ తిరిగొచ్చింది.

ఇప్పుడు పాఠశాలలో నోటితో పాడి చెబుతాను, ఉన్న ఇద్దరు పిల్లలూ వాయిస్తారు. గమకం తప్పితే, అట్లా కాదు, ఇట్లా అని ఊది చూపించలేను. "ఒక్కసారి మీరు వాయించండి అయ్యోరూ" అంటారు. చంద్రగిరి గుర్రాన్ని మళ్ళీ బయటికి తీస్తాను. పడీపడీ నగుతారు. నగినాక ఏమడిగినారో మర్చిపోతారు. నాకు కావలసిందీ అదే.

పొద్దున లేస్తూనే రీడు నోట్లో పెట్టుకుని తడిపే అలవాటు మాత్రం పోలేదు. అరుగు మీద కూర్చుని, నాలుక మీద ఆ బద్ద మెత్తబడే దాకా ఉంటాను. మా ఇంటామె గ్లాసు తెచ్చి పక్కన పెడుతుంది.

"కాఫీ ఆరిపోతా ఉండాది" అంటుంది.

రీడు తీసి, పంచె అంచుతో తుడిచి, పెట్టెలో పెట్టి మూస్తాను. తెల్లారేలోపల అది మళ్ళీ ఎండిపోయి ఉంటుంది.