దామోదరం మామ అరువిచ్చిన లెన్సు

ఈ ఉదయం తిరుత్తణిలో లోకల్ రైలు ఎక్కి కూర్చున్నానో లేదో గుప్పున గంధం వాసన వచ్చింది. ఎదురు సీట్లో ఒక కుటుంబం. కొండ మీద మొక్కు తీర్చుకుని వస్తున్నట్టున్నారు. ఏడాది పిల్లాడికీ వాడి తాతకీ ఒకేలా నున్నటి గుండ్లు, వాటి మీద ఆరుతున్న పచ్చటి గంధం. ఆ వాసనకు ఎవరికైనా సుబ్రహ్మణ్యస్వామి గుర్తుకు రావాలి. నాకు మాత్రం, స్వామి మన్నించుగాక, ముందు దామోదరం మామ గుర్తొస్తాడు. ఆ వెనకే నాకు జరిగిన తలవంపు గుర్తొస్తుంది.

మామ నాకు చుట్టమేమీ కాదు. కొండ మెట్లకు పోయే వీధిలో ఆయనకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. గుండు కొట్టించుకున్న పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని వచ్చే తల్లిదండ్రులే ఆయన బేరాలు. నేను తిరువళ్ళూరులో ఒక ఆఫీసులో గుమాస్తాని. సాయంత్రం రైలు దిగి ఇంటికి పోతూ ఆ స్టూడియోలో పది నిమిషాలు ఆగడం అలవాటైంది. అప్పుడే కొత్తగా కెమెరా కొన్నాను. దాంతో పాటు వచ్చిన చిన్న లెన్సు నాకు ఆనలేదు. శోళవరం చెరువులో కొంగను తీస్తే అది నువ్వుగింజంత వచ్చేది.

"మామా, అన్నిటికీ పనికొచ్చే లెన్సు ఒకటి చెప్పు. ఇంక మార్చే పని ఉండకూడదు," అని అడిగాను.

"అన్నిటికీ పనికొచ్చేది ఈ ఊర్లో నేనొకడే అంటాది మీ అత్త. కోపమొస్తే దేనికీ పనికిరావని గూడా ఆమే అంటాది," అని నవ్వి, బీరువాలోంచి సొరకాయంత లెన్సు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. "చెప్పులు కాలికేసుకోని సూసి గదా కొంటారు? ఇది మూడు వందల దాకా లాగుతాది, దూరంగా ఉండేది గూడా దగ్గరికొస్తాది. కొన్నాళ్ళు వాడు. నీకేం కావాల్నో అదే చెప్తాది."

ఆ బీరువాలోనే ఒక పాత బిస్కెట్ల డబ్బా కూడా ఉండేది. ఫోటో తీయించుకుని మళ్ళీ రాని వాళ్ళ ఫోటోలన్నీ అందులోనే. ఎప్పటి పిల్లలో! వాళ్ళకిప్పుడు పిల్లలు పుట్టి ఉంటారు. పారేయరాదా అంటే మామకు కోపం వచ్చేది. "మొగం వాళ్ళది పాపా. కాగితమే నాది. వస్తే ఇయ్యాల గదా," అనేవాడు. నాకు నవ్వొచ్చేది. చాదస్తం అనుకునేదాన్ని.

ఇక మా నాయన సంగతి చెప్పాలి. చెరకు రైతు. మాటలు తక్కువ, మీసం ఎక్కువ. వీధి మొదట్లో ఆయన దగ్గు వినిపిస్తే చాలు, ఇంట్లో మా గొంతులు తగ్గేవి. కొట్టిందీ లేదు, తిట్టిందీ లేదు. అయినా ఆయన ముందు నాకు మాట పెగిలేది కాదు. అంతకుముందు ఏడాది పచ్చకామెర్లతో మంచాన పడి, మాకు ఆశలు వదిలించి, లేచి కూర్చున్నాడు. ఆయన బతికితే తిరుత్తణిలో గుండు కొట్టిస్తానని మొక్కుకున్నది అమ్మ. తీరా మొక్కు తీరే వేళకు ఆమె మోకాళ్ళు కొండెక్కనివ్వలేదు.

ఆడికృత్తిక పండగ నాడు బయల్దేరేముందు నాయన నా దగ్గరకు వచ్చి గొంతు సవరించుకున్నాడు. "పాపా, గుండు కొట్టించుకున్నాక గోపురం కనపడేట్టు ఒగ ఫోటో తియ్యి. మొక్కుకునింది మీ అమ్మ. ఆమె సూడాల." నా బతుకులో ఆయన నన్ను అడిగిన మొదటి కోరిక అది. గాల్లో తేలిపోయాను.

కొండ మీద కావళ్ళు, మేళాలు, జనం. గుండ్లు కొట్టే చోటికి నాయన వెంట పోయి నిలబడవలసింది. 'నాయనా, ఇటు తిరుగు' అని ఒక్క మాట అనవలసింది. అనలేక పైమెట్ల గోడ పక్కన చోటు చూసుకున్నాను. సొరకాయ లెన్సు ఉంది కదా, ఇంక దేనికి భయం? పూర్తిగా లాగి చూశాను. కనిపించాడు. మీసం లేదు, జుట్టు లేదు, తలంతా గంధం, వెనక గోపురం. చేతులు జోడించి కళ్ళు మూసుకుని ఉన్నాడు. చెంప మీద నీటి చార. మా నాయన ఏడవడం నేనెన్నడూ చూడలేదు. నాకూ కళ్ళు మసకలయ్యాయి. వరసగా ముప్పై ఫోటోలు తీశాను.

మర్నాడు స్టూడియోలో కంప్యూటరు తెర మీద మామకు గర్వంగా చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని బొమ్మను పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు.

"శానా బాగా తీసినావు. అయితే పాపా, మీ నాయన చెవికి పోగు యాడిది? నువ్వు ముందు సూపించిన వాటిల్లో లేదే?"

తెరకు ముఖం ఆనించి చూశాను. ఆ చెవికి ఎర్రరాయి పోగు తళతళలాడుతోంది. మా నాయనకు పోగూ లేదు, చెవికి కుట్టూ లేదు. ముప్పై ఫోటోలూ ఎవరో పెద్దాయనవి! కన్నతండ్రిని పోల్చుకోలేని కూతుర్ని నేనే అయి ఉంటాను ఈ భూమ్మీద. కుర్చీలో కూలబడి ఏడ్చాను.

మామ ఓదార్చలేదు. టీ తెప్పించాడు. నేను తాగేదాకా ఆగి, "ఇంతవరకూ తీసినవన్నీ తెరువు," అన్నాడు. ఏ ఫోటో తీసినా లెన్సు ఎంత లాగి తీశామో కెమెరా ఆ నంబరు రాసి పెట్టుకుంటుంది. నాలుగు నెలల ఫోటోలకు ఆ నంబర్లు ఒక్కొక్కటే చదివించాడు. అమ్మ పూలు కడుతున్నది, ముప్పై అయిదు. పక్కింటి పిల్లలు, యాభై. రైల్లో మల్లెపూలామె, డెబ్బై. నాయన చెరకు తోటలో, మూడు వందలు. నాయన అరుగు మీద, మూడు వందలు. నాయన అన్నం తింటున్నది, కిటికీ బయటినుంచి, మూడు వందలు. నాయనది ఒక్కటీ దగ్గరినుంచి తీసింది లేదు.

"కొంగలు ఎన్ని దినాలు తీసినావు?"

"రెండు దినాలు మామా."

"మిగతా లోకానికంతా నూట ముప్పై అయిదు దాకా లాగే లెన్సు సరిపోతాది నీకు. తేలిక, రోజూ సంచిలో పడుంటాది. అదే కొనుక్కో. మూడు వందలది కావాల్సింది ఒక్క మీ నాయనకే. ఆ ఒక్క మనిషి కోసం ఇంత బరువు మోస్తావా? ఇంటికి పోయి, ఆయనకు ఉండేది ఉండినట్టు చెప్పు."

వెంటనే చెప్పానా? లేదు. పది రోజులు తప్పించుకు తిరిగాను. నాయన మీసం వచ్చేదాకా తలకు తువ్వాలు చుట్టుకుని ఇల్లు కదలడం లేదు. రోజూ ఒకే ప్రశ్న, "ఫోటో ఏమాయ పాపా?" ఒకరోజు ఇంక ఆగలేక, కెమెరాకు నా చిన్న లెన్సే తగిలించుకుని ఆయన మంచం దగ్గర నిలబడ్డాను. "నాయనా, నేను నీ ఫోటో తీయలేదు. నువ్వనుకోని ఇంకెవుర్నో తీసినాను," అన్నాను.

ఆయన నన్ను చూశాడు. వంటింట్లోంచి అమ్మ, "దాన్నేమీ అనబాక. నువ్వు కొండ దిగొచ్చినప్పుడు నేను గూడా ఎవురో బిచ్చానికి వచ్చినారనుకుంటి!" అంది. అంతే, నాయన నవ్వాడు. తువ్వాలు జారి ఒళ్లో పడింది. మొలిచీ మొలవని జుట్టు, మొలిచీ మొలవని మీసం, ఊగిపోతూ నవ్వుతున్న మనిషి. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. ఇరుకు గది, వెనక్కి జరగడానికి చోటు లేదు. అక్కడే నిలబడి తీశాను. గోపురం లేని ఆ ఫోటోనే ఇప్పుడు మా ఇంట్లో గోడ మీద ఉంది.

నవ్వు ఆగాక నాయన అడిగాడు, "ఆ పెద్దాయన ఫోటో ఆయనకు ఇచ్చేసినావా?" మొగం వాళ్ళదే అనే మామ అడిగినట్టే ఉంది.

ఇవ్వలేకపోయాను. మామ దాన్ని స్టూడియో అద్దానికి అతికించాడు. ఎవరూ రాలేదు. మామ పోయి రెండేళ్ళయింది. అత్త బిస్కెట్ల డబ్బాను తనే ఉంచుకుని, ఆ ఒక్క ఫోటో నాకిచ్చింది. నూట ముప్పై అయిదు లెన్సుతో పాటు అదీ నా సంచిలో ఉంటుంది. రైల్లో ముసలివాళ్ళ చెవులు చూడటం నాకు జబ్బయిపోయింది.

ఈ ఉదయం ఎదురు సీట్లో తాత చెవులు ఉత్తవే. అయినా సంచిలోంచి ఆ ఫోటో బయటికి తీసి చూపించి, తెలిసిన మనిషేమోనని అడిగాను. ఆయన చేయి చాచి దూరం పెట్టి చూశాడు. "తెలీదమ్మా. మీకేమవుతాడు ఈయన?"

"మా నాయన అనుకోని తీసినానండీ."

తాత నవ్వలేదు. ఫోటోను జాగ్రత్తగా వెనక్కిచ్చి, "మా వాణ్ణీ నన్నూ ఒగటి తీస్తావా?" అన్నాడు. లేచి, మోకాళ్ళు వాళ్ళ సీటుకు ఆనేదాకా ముందుకు జరిగాను. గంధం వాసన ముఖానికి కొట్టింది. కెమెరా ఎత్తకుండానే, "ముందు మీ అడ్రసు చెప్పండి," అన్నాను.